ఇంటి అర్థం, బడి అర్థం

ఆ పొద్దున కూడా ఆయన పుస్తకం విప్పలేదు.

ఇంజను దిగి వచ్చి, కొళాయి కింద మెడ దాకా బొగ్గు మసి కడుక్కుని, నామం పెట్టుకుని, తిన్నగా పీట మీద కూర్చున్నాడు. పుస్తకం అటక మీద ఎర్రగుడ్డ మూటలో ఉంది. శనివారం కట్టిన ముడి శనివారం కట్టినట్టే ఉంది. ఆయన అటువైపు కన్నెత్తలేదు.

"కనకం పూలు తెచ్చింది మావా," అన్నాను.

"అన్నం పెట్టు."

"పెట్టాను. నీ ముందరే ఉంది."

చూసుకున్నాడు. ముద్ద కలిపాడు. కలిపిన ముద్ద పళ్ళెంలోనే పెట్టి వేళ్ళు చూసుకుంటూ ఉండిపోయాడు.

ఆయన నాకు మేనమామ. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ పిలుపు మారలేదు. చిన్నప్పట్నుంచీ ఎరిగిన మనిషి కదా, ఊరుకుంటే అది కోపమో అలుపో పట్టేయగలను అనుకునేదాన్ని. ఈ వారం రోజుల ఊరుకోవడం ఏమిటో నాకు అంతు దొరకలేదు.

ఆ భక్తి పుస్తకం మా తాత, అంటే ఈయన నాన్న, పాలకొండ నుంచి ఈ బిలాస్‌పూర్ వచ్చినప్పుడు బట్టల మూటలో పెట్టి తెచ్చుకున్నది. రోజూ నామం పెట్టుకున్నాక ఈయన దాన్ని మూసి పట్టుకుంటాడు. మా అమ్మాయి కనకం కళ్ళు మూసుకుని పేజీల మధ్య నెమలీక దూరుస్తుంది. ఎక్కడ దూరితే అక్కడున్న మాట ఆ రోజుకి స్వామి ఆయనకి చెప్పిన మాట. దాని ప్రకారం నడుచుకోవలసిందే. పరుషంగా మాట్లాడవద్దని వస్తే రాయగఢ్ దాకా బొగ్గు వేసేవాణ్ణి తిట్టకుండా ఇంజను నడిపేవాడు. తిండి తగ్గించమని ఒకసారి వచ్చింది. ఆ రోజు నేను చేపల పులుసు చేశాను. ముట్టలేదు. చెప్పకూడదు గానీ ఆ పూట నాకు స్వామి మీదే కోపం వచ్చింది.

ఇప్పుడు ఆ కోపం వచ్చినా బాగుండుననిపిస్తోంది. పుస్తకం విప్పకుండా ఇంజను ఎక్కుతున్న మనిషికి ఏమవుతుందో అని రోజూ ఆయన బండి కూత వినబడేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండడం లేదు.

"మావా, కోపం కొడుకు మీద. పుస్తకం మీద ఎందుకు?"

"కోపమేటీ లేదు."

"మరి విప్పు."

"చదవడం రానోడు విప్పి ఏటి చేస్తాడు," అన్నాడు. చెయ్యి కడిగేసుకున్నాడు.

కనకం గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పూలు అలాగే ఉన్నాయి. దానికి సైగ చేశాను, లోపలికి పొమ్మని.

పెరటి వైపు నుంచి అచ్చియమ్మప్ప గొంతు వినబడింది. పక్క క్వార్టరు ఆవిడ. మంచి కబురు ఉంటే వీధి గుమ్మంలోంచి వస్తుంది. పెరటిలోంచి వచ్చిందంటే చెడ్డ కబురే.

"ఒలే నర్సమ్మా, ఇలా రా," అంది గోడ మీద చేతులు పెట్టి. "మీ చిన్నారావు సంగతి తెలిసిందా?"

"ఏటప్పా? జ్వరమా?"

"జ్వరం కాదే. అస్సాం."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"యుద్ధం రైలు లైన్లో పనికి కుర్రాళ్ళు కావాలన్నారట గదా. పేరిచ్చేశాడట. మా ఆయన షెడ్డులో విన్నాడు. ఇవాళ సాయంత్రం పాసింజరుకే పంపుతున్నారట."

గోడ పట్టుకున్నాను. అస్సాం అంటే ఏమిటో నాకు తెలియదు. మొన్న అటు నుంచి వచ్చిన ఒకతన్ని మా క్వార్టర్ల లైన్లోనే చూశాను. మలేరియాతో పసుపు ముద్దలా ఉన్నాడు. జలగలట. బాంబులట. మా చిన్నారావుకి చిన్నప్పుడు చీము పట్టి ఎడమ చెవి పోయింది. ఎంత వెల్లుల్లి నూనె పోసినా తిరిగి రాలేదు. వెనకనుంచి ఇంజను వస్తే వాడికి వినపడుతుందా? ఇక్కడయితే వాడు పనిచేసే షెడ్డులో అందరికీ తెలుసు, పక్కనున్నవాడు లాగుతాడు. అక్కడ ఎవరు లాగుతారు?

"బెంగ పడకు," అంది అచ్చియమ్మప్ప. "బండి ఎక్కేదాకా మానుకోవచ్చట. మీ ఆయన్ని ఎల్లి ఒక్క మాట చెప్పమను."

"ఆయన మాటాడాలి గదప్పా."

"నువ్వు మాటాడించు. లేకపోతే పెళ్ళాం అనీసి ఎందుకే?" అని, నా మొహం చూసి ఆగిపోయింది. "అచ్ఛా, కూకో కాసింత. నీళ్ళు తాగు."

లోపలికి వచ్చేసరికి ఆయన నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోలేదు. నిద్రపోతే ఆయన పాదం కదలదు. కదులుతోంది.

"విన్నావా?"

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"పొద్దున్న. షెడ్డులో."

"తెలిసి వచ్చి, అన్నం పెట్టు అన్నావా?"

ఆయన ఇటు తిరగలేదు.

"మావా, వాడు ఒక మాట అన్నాడు. పెద్దవాళ్ళ ముందర అనకూడదు, అన్నాడు. కుర్రాడు. వాణ్ణి అస్సాం తోసేస్తావా?"

"నేను తొయ్యలేదు."

"నాకు అర్థం చెప్పేటోడు నా ఇంట్లో ఎందుకు అన్నది ఎవరు? నేనా?"

ఆయన దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు.

"నీ స్వామి నోరు తెరవడు. నువ్వు తెరవవు. నా కొడుకు పెట్టె పట్టుకుని పోయినప్పుడు వాడూ తెరవలేదు. ఈ ఇంట్లో మాటాడేది నేనొక్కదాన్నే. నాకూ ఓపిక అయిపోయింది."

గోడవైపే చూస్తూ ఆయన అన్నాడు, "అందరూ నవ్వారే. పోలయ్య కూడా నవ్వాడు."

ఆ మాటతో నేను మంచం కోడు దగ్గర కూర్చున్నాను.

శనివారం పోలయ్య వాళ్ళ వరండాలో భజన. మా లైనులో మగవాళ్ళందరూ వస్తారు. భజన అయ్యాక పుస్తకంలోంచి ఒక మాట చదివి అర్థం చెప్పడం ఎన్నాళ్ళనుంచో ఈయన వంతు. ఆ రోజు నెమలీక పెట్టిన చోట "అభిమానము వీడినవానికి దారి తెరుచుకొనును" అని ఉంది. ఈయన చదివాడు. పెళ్ళాం మీద, పిల్లల మీద పెంచుకున్న ఇష్టం విడిచిపెట్టాలి, అప్పుడే స్వామి దారి చూపిస్తాడు అని చెప్పాడు. వెనక నిలబడ్డ మా చిన్నారావు, "అది ఇష్టం కాదు నాన్నా, ఘమండ్," అన్నాడు. ఇక్కడ పుట్టి హిందీ బళ్ళో చదువుకున్న కుర్రాళ్ళు గొల్లున నవ్వారు. ఘమండ్ అంటే హిందీలో పొగరు.

ఆడవాళ్ళం తడికె ఇవతల ఉన్నాం. నాకు నవ్వు కూడా తెలియలేదు, ఆ తర్వాత పుస్తకం మూసిన చప్పుడే తెలిసింది.

*

ఎండ చల్లబడకముందే కనకాన్ని తీసుకుని తెలిపారా పేటకి నడిచాను. చిన్నారావు అక్కడ ఒక నూనె గానుగ పైన, తోటి పనివాడి గదిలో ఉంటున్నాడు.

మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. తలుపు తీసే ఉంది. వాడు కింద కూర్చుని పెట్టెకి తాడు కడుతున్నాడు. నన్ను చూశాడు. లేచి చాప వేశాడు. తర్వాత గోడవైపు జరిగి నాకు ఎడమ పక్క పెట్టి కూర్చున్నాడు.

చిన్నప్పట్నుంచీ వాడికి అది అలవాటు. వినాలనిపిస్తే కుడి చెవి ఇటు తిప్పుతాడు. వినకూడదనుకుంటే ఎడమ చెవి పెడతాడు, ఇక కొట్టినా తిట్టినా గోడకి చెప్పినట్టే.

"ఇటు తిరుగు," అన్నాను.

"వినపడుతోందిలే అమ్మా."

"తిన్నావా?"

"తిన్నాను."

"ఏటి తిన్నావు?"

"పూరీలు."

"నీకు పడవు అవి," అన్నాను. అంత దూరం నడిచి వచ్చి వాడితో మొదట అన్న మాట అది. కనకం నా మోచేయి నొక్కింది.

"అన్నయ్యా, అస్సాం మానుకో," అంది అది సూటిగా. "అమ్మ పొద్దున్నుంచీ నీళ్ళు తప్ప ముట్టలేదు."

"పేరిచ్చేశాను కదే."

"బండి ఎక్కేదాకా మానుకోవచ్చట. అచ్చియమ్మత్త చెప్పింది."

"అచ్చియమ్మత్తకి తెలియనిదేటుంది," అని వాడు నవ్వబోయి మానేశాడు.

నేను పెట్టె మీద చెయ్యి వేశాను. "ఒరే చిన్నా, పదిమందిలో మీ నాన్నని నవ్వులపాలు చెయ్యడం తప్పురా. ఆయన చదువుకున్నది వానాకాలం చదువు. బండి నడుపుకుంటూ, కళ్ళు మంటలు పెడుతుంటే ఆ పుస్తకం కూడబలుక్కుని చదువుతాడు. నీకు తెలియదా?"

"నవ్వించడానికి అనలేదమ్మా."

"మరెందుకు అన్నావు?"

వాడు తాడు ముడి విప్పాడు. మళ్ళీ కట్టాడు. విప్పాడు.

"నెమలీక ఏది చెప్తే నాన్న అది చేస్తాడు కదా," అన్నాడు చివరికి.

"చేస్తాడు."

"చేపల పులుసు మానమంటే మానేశాడు కదా."

"ఆఁ."

"మరి పిల్లల మీద ఇష్టం విడిచిపెట్టాలి అన్నాడు. అందరి ముందరా అన్నాడు. రేపట్నుంచి విడిచిపెట్టేస్తాడు కదమ్మా. నాన్న సంగతి నీకు తెలియదా?" వాడి గొంతు కిందికి దిగిపోయింది. "బళ్ళో పండిత్‌జీ అభిమాన్ అంటే ఘమండ్ అని చెప్పాడు. అది గుర్తొచ్చింది. గుర్తొచ్చేసరికి నోటివెంట వచ్చేసింది. అది ఇష్టం కాదు నాన్నా అన్నాను. అంతే. వాళ్ళు నవ్వుతారని నాకేటి తెలుసు?"

నేను పెట్టె మీంచి చెయ్యి తీశాను.

"తర్వాత ఇంటికొచ్చి, నా ఇంట్లో ఎందుకు అన్నాడు. అంటే విడిచిపెట్టేసినట్టే కదా. బస్, అంతే. విడిచిపెట్టిన ఇంట్లో కూర్చుని నేనేటి చెయ్యను?"

"ఆయన నోరు అంటుంది గానీ."

"అయితే వచ్చి ఆ నోటితోనే చెప్పమను. ఒరే, ఎల్లకు అని ఒక్క మాట. దిగిపోతాను. నువ్వు చెప్తే దిగనమ్మా. నేను సిద్ధి వినాయకుడి గుడికి వెళ్తానన్నా నువ్వు వద్దంటావు, దారిలో కుక్కలుంటాయని."

కనకానికి నవ్వొచ్చింది. నాకు కూడా వచ్చేది, మరో రోజయితే.

లేచేటప్పుడు వాడి తల నిమిరాను. జుట్టు అట్టకట్టి ఉంది. నూనె పెట్టుకోరా అందామనుకుని మానేశాను. ఎడమ చెవి వైపు నిలబడి ఉన్నాను. అన్నా వినపడదు.

*

ఇంటికి వచ్చేసరికి ఆయన లేచి వరండాలో కూర్చుని బూట్లకి నూనె రాస్తున్నాడు. నేను చెప్పులు విడవకుండానే చెప్పాను. పండిత్‌జీ చెప్పిన అర్థం, చేపల పులుసు, విడిచిపెట్టేస్తావేమో అన్న వాడి భయం, అన్నీ. ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, ముందుది వెనకా వెనకది ముందరా.

"వాడు నీ తప్పు పట్టలేదు మావా. వాడి మీద ఇష్టం వదిలేస్తావని భయపడ్డాడు. అంతే."

ఆయన చేతిలో బూటు అలాగే ఉంది.

"నువ్వు స్టేషనుకి వచ్చి వద్దంటే దిగిపోతాడు. బేగి లే. ఒక్కసారి రా."

"స్టేషనుకి రాక ఎక్కడికి పోతాను," అన్నాడు. "ఆ బండి నాది."

"ఏ బండి?"

"సాయంత్రం పాసింజరు. జగన్నాథానికి జ్వరం. పొద్దున్న డ్యూటీ దిగుతుంటే చెప్పారు, నన్ను తీసుకెళ్ళమని."

అరుగు మీద కూలబడ్డాను. నా కొడుకుని నా దగ్గర్నుంచి తీసుకుపోయే ఇంజను ఈయనే నడపాలి. పొద్దున్నుంచీ ఆ మాట కడుపులో పెట్టుకుని, అన్నం పెట్టు అన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"రానని చెప్పెయ్యి," అన్నాను. "ఒంట్లో బాగోలేదని చెప్పు."

"నేనెప్పుడైనా అలగ చెప్పానా?"

చెప్పలేదు. ఆయన చేతిలో బండి ఏనాడూ ఆలస్యంగా కదల్లేదని షెడ్డంతా చెప్పుకుంటారు. సిగ్నల్ చెయ్యి వాలీ వాలకముందే ఆదినారాయణ కూత వేసేస్తాడని గార్డులు నవ్వుతారు. ఆయనకున్న ఆస్తి అదొక్కటే. ఆ మాట ఎవరైనా అన్నప్పుడు ఆయన నేల చూస్తాడు, కానీ మీసం కింద పెదవి కదులుతుంది.

యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు ఈ కొసనుంచి ఆ కొసకి పోయింది.

అప్పుడు ఆయన లేచి మళ్ళీ కొళాయి దగ్గరికి వెళ్ళాడు. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చాడు. అటక మీది మూట దించాడు. ముడి రాలేదు. పళ్ళతో లాగి విప్పాడు.

"కనకం, ఇలా రామ్మా."

కనకం నెమలీక తెచ్చింది. ఆయన పుస్తకం రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ మనసులోనే అనుకునేవాడు. ఆ రోజు పైకే అన్నాడు.

"స్వామీ, నాకు చదువు తక్కువ. చదివాను, నాకు తెలిసిందే చెప్పాను. నువ్వు చెప్పినట్టు చేస్తాను. కానీ నువ్వేటి చెప్పావో ముందర నాకు తెలియాలి కదా. ఈ ఒక్క పూట తెలిసేలాగ చెప్పు."

నేనూ చేతులు జోడించాను. ఆయనకి సరైన అర్థం తెలియాలని నేను మొక్కుకోలేదు. నా కొడుకు ఆగిపోయే అర్థం రావాలని మొక్కుకున్నాను. స్వామికి రెండు మొక్కులూ వినబడే ఉంటాయి.

కనకం ఈక దూర్చింది. ఆయన తెరిచి, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు. పేజీ చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఏటుంది మావా?"

"అడవి."

"అడవా?"

"చెట్లే. మద్ది, మోదుగ, ఇప్ప, తుమికి. ఆ అడవిలో ఈ చెట్లున్నాయి అని రాసుంది." పేజీ తిప్పి చూశాడు. "అటుపక్కా చెట్లే. ఇవన్నీ రాయగఢ్ దారిలో నేను రోజూ చూస్తున్నవే."

అడవి అనగానే నాకు అస్సాం కనిపించింది. "మళ్ళీ పెట్టించు," అన్నాను.

"ఒకసారే అడగాలి. మనకి కావలసింది వచ్చేదాకా అడిగితే అది స్వామి మాట ఎలగవుతుంది? మన మాటే అవుతుంది."

పుస్తకం మూసేస్తాడనుకున్నాను. మూయలేదు. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు. శనివారం నాటి పేజీ. అక్కడ పసుపు చుక్క ఉంది.

"కనకం, అభిమానం అంటే ఏటే?"

కనకం నావైపు చూసింది. నేనేం చెప్పగలను? నాకు తెలిసిన అభిమానం ఒకటే. మా అమ్మకి నామీద ఉన్నది, నాకు వీళ్ళ మీద ఉన్నది.

"ఇంట్లో అయితే ఇష్టం నాన్నా," అంది కనకం నెమ్మదిగా. "బళ్ళో అయితే ఘమండ్."

"పుస్తకం ఇంట్లోనే ఉంది కదే."

"రాసినాయన బళ్ళో చదువుకున్నాడేమో."

ఆయన మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి ఆగకుండా వెళ్ళిపోయింది. ఈ వారంలో మొదటిసారి.

"ఇష్టం అయితే," అన్నాడు, ఎవరితోనో లెక్క తేల్చుకుంటున్నట్టు, "వాడి మీద ఇష్టం విడిచిపెట్టి నా బండి నేను నడుపుకుపోవాలి. ఘమండ్ అయితే అది విడిచిపెట్టి వాడి దగ్గరికి పోవాలి. ఒకే మాట. ఒకటి అటు తోస్తోంది, ఒకటి ఇటు."

"పిల్లాడి దగ్గరికి పోయేదే స్వామి మాట," అన్నాను.

"అది నీ మాట నర్సమ్మా."

"నాదయితే మాత్రం?"

"నా మాటా అదే. అందుకే భయమేస్తోంది." పేజీ మీద అరచెయ్యి ఆనించాడు. "మనకి తియ్యగా ఉన్న అర్థాన్ని పట్టుకుని ఇది స్వామి అన్నాడు అనుకోవడం తేలిక. ఏది చెయ్యడానికి నాకు కాళ్ళు రావో అదే ఆయన చెప్పిందేమో."

"ఏది చెయ్యడానికి రావు?"

పుస్తకం కళ్ళకద్దుకుని నా చేతికిచ్చాడు. "కోటు ఇలా తే," అన్నాడు.

ఆ కాళ్ళు ఏ వైపుకి రావో నాకు తెలిసి చావలేదు. కోటు తెచ్చి ఇచ్చాను. మూట కట్టడానికి గుడ్డ తీశాను గానీ కట్టలేకపోయాను. పుస్తకం అలాగే పీట మీద పెట్టి దీపం కుందె పక్కకి జరిపాను.

*

ప్లాట్‌ఫారం మీద నేనూ కనకం ఒక స్తంభం పక్కన నిలబడ్డాం. ఇంజను ఆ కొసన, అస్సాం పోయే కుర్రాళ్ళ పెట్టె ఈ కొసన. మధ్యలో ఎన్ని పెట్టెలో నేను చూడలేదు. తల్లులు చాలామంది వచ్చారు. ఒకావిడ కొడుకు జేబులో మరమరాలు కుక్కుతోంది. నేను ఏమీ తేలేదని అప్పుడు గుర్తొచ్చింది. వాడికి చింతకాయ పచ్చడి లేకపోతే ముద్ద దిగదు.

చిన్నారావు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక కాలు మెట్టు మీద, ఒకటి లోపల. మమ్మల్ని చూసి తల ఊపాడు. తర్వాత వాడి చూపు మమ్మల్ని దాటి ఇంజను వైపు పోయింది. ఆవిరి తప్ప ఏమీ కనబడదు అక్కడ. వాడు మొహం తిప్పేసుకున్నాడు. ఎడమ చెవి మావైపు వచ్చింది.

"దిగమని చెప్పనా అమ్మా?" అంది కనకం.

"వద్దు. నువ్వు చెప్తే దిగడు."

గంట కొట్టారు. జనం పెట్టెల్లోకి సర్దుకున్నారు. ప్లాట్‌ఫారం ఒక్కసారి బోసిపోయింది. ఆ కొసన సిగ్నల్ చెయ్యి టక్కున వాలింది.

నేను కళ్ళు మూసుకున్నాను. ఇక కూత. ఆయన ఎప్పుడూ ఆలస్యం చెయ్యడు. స్వామీ, ఏ అర్థమైనా సరే వాణ్ణి బతకనివ్వు అనుకున్నాను. కూత కోసం చెవులు బిగబట్టి ఉన్నాను.

కూత రాలేదు.

"అమ్మా," అంది కనకం.

కళ్ళు తెరిచాను. ఆవిరిలోంచి ఆయన వస్తున్నాడు. తలకి గుడ్డ, చేతిలో నూనె పీచు, దాంతో వేళ్ళు తుడుచుకుంటూ. పరుగు లేదు. కాళ్ళు పట్టేసినవాడిలా ఒక్కొక్క పెట్టె దాటుకుంటూ వస్తున్నాడు. కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. మా లైను వాళ్ళూ ఉన్నారు అందులో. ఎవరో, ఆదినారాయణా, సిగ్నల్ ఇచ్చేశారు అని అరిచాడు. ఆయన తల తిప్పలేదు.

గార్డు పచ్చజెండా పట్టుకుని ఒకసారి గడియారం చూసుకున్నాడు, ఒకసారి ఈయన్ని చూశాడు. జెండా పైకి లేవలేదు.

మమ్మల్ని దాటిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. చూడలేదు. మొహంలో వెతికాను. దీవించి పంపడానికి వెళ్తున్నాడా, దిగమనడానికి వెళ్తున్నాడా. ఆ మొహం నాకు మూడేళ్ళ వయసప్పట్నుంచి తెలుసు. ఏమీ దొరకలేదు. చెమటా, మసీ.

కుర్రాళ్ళ పెట్టె ముందర ఆగాడు. చిన్నారావు ఇంకా అటు తిరిగే ఉన్నాడు. ఆయన మెట్టు పక్క కమ్మీ పట్టుకుని ఏదో అన్నాడు. ఆవిరి మోతలో నాకు ఒక్క ముక్క వినబడలేదు. వాడికీ వినబడలేదు. ఆయన వైపు ఉన్నది ఎడమ చెవి.

ఆయన ఆగాడు. పీచు జేబులో పెట్టుకున్నాడు. అందరూ చూస్తూ ఉండగా మళ్ళీ అదే మాట అన్నాడు. పెదాలు కదిలినంత సేపు చూస్తే, చాలా చిన్న మాట.

చిన్నారావు భుజం కదిలింది. నెమ్మదిగా వంగి, తల ఇటు తిప్పి, వాళ్ళ నాన్న నోటి దగ్గర కుడి చెవి పెట్టాడు.